ఉప్పుగాలి బండి, ఘాట్ బండి: ఉద్దానం కొబ్బరి వ్యాపారికి పాత బొలేరో పికప్ ఎలా ఎంచాం, ఎలా నడిపిస్తున్నాం

కవిటి వైపు కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒకాయనకి పోయిన ఏడాది పాత పికప్ ఒకటి దగ్గరుండి కొనిపించాను. చూసిన రెండు బళ్లలో ఒకటి ఎందుకు వద్దన్నాను, రెండోది తెచ్చాక షెడ్డులో ఏం విప్పాం, ఏం మార్చాం, ఇప్పుడు ఎలా నడుస్తోంది, ఇవన్నీ రాస్తున్నాను. ఎందుకంటే మా శ్రీకాకుళం జిల్లా సముద్రం పక్క ఊళ్ల నుంచి ఇదే పని మీద నా దగ్గరకు వచ్చేవాళ్లు చాలామంది, అందరూ మొదట అడిగేది ఒకటే: ఇంజన్ ఎలా ఉంది? నేను మాత్రం ఛాసిస్, అంటే బండిని మోసే అడుగు ఇనప చట్రం, కాగితాలు చూశాకే బానెట్ ఎత్తుతాను. ఇంజన్ ఎంత పాడైనా డబ్బు పెడితే బాగవుతుంది. కుళ్లిన ఛాసిస్, చిక్కుపడిన ఆర్‌సీ, ఈ రెండూ డబ్బు పోసినా పూర్తిగా దారికి రావు.

ఆయన పని ఏమిటంటే తోటల్లో కాయ దింపించి పలాస, ఇచ్ఛాపురం, అప్పుడప్పుడు బరంపురం వేయడం. ఇన్నాళ్లూ అద్దె బళ్లతో నెట్టుకొచ్చాడు. కొత్త పికప్ అంటే అప్పట్లో రోడ్డెక్కేసరికి దగ్గర దగ్గర పది లక్షలు, ఆపైన వాయిదాలు. కాయ ధర పడిపోయిన నెలలో కూడా వాయిదా ఆగదు కదా. "తమ్ముడూ, నాలుగు లక్షల్లో ఏటైనా దొరుకుతాదా? వాయిదాల టెన్షన్ నాకొద్దు" అన్నాడు. నేను చెప్పింది ఒకటే, నాలుగు లక్షలు చేతిలో ఉంటే బండికి మూడూ పాతిక దాటకూడదు అన్నయ్యా, మిగతాది మొదటి నెల పనికి పక్కన పెట్టుకోవాలి అని. పాత బండి కొన్న ధర ఎప్పుడూ పూర్తి ధర కాదు. మొత్తం డబ్బు బేరంలోనే ఊడ్చి ఇచ్చేసినవాళ్లు అరిగిన టైర్లతో, తడిసిన బ్రేకు లైనర్లతో లోడు కొడుతుంటారు, నాకు అది చూస్తే భయం.

ఏ బండి అన్నదానికి పెద్దగా ఆలోచించలేదు. టాటా ఏస్ సందుల్లో బాగా తిరుగుతుంది గానీ ఆయన లోడుకి చాలదు. టాటా 207 గట్టి బండే, దొరికినవన్నీ మరీ పాతవి. అశోక్ లేలాండ్ దోస్త్ కూడా మంచిదే, కానీ అది కామన్ రైల్ ఇంజన్, అంటే డీజిల్ కొట్టడం సెన్సర్లు, కంప్యూటరు చూసుకునేది, సెన్సర్ ఒకటి అలిగితే ఆయన ఊరి దగ్గర స్కానర్ ఉన్న మెకానిక్ లేడు. అందుకే బొలేరో పికప్, అందులోనూ బీఎస్3 కాలంది, అంటే పాత పొగ నిబంధనల నాటిది చూద్దామన్నాను. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్4 వచ్చేసింది, దానికి ముందు మన వైపు అమ్మిన 2523 సీసీ డీఐ ఇంజన్ పికప్‌లకి సెన్సర్లు లేని మెకానికల్ డీజిల్ పంపు ఉంటుంది. సోంపేటలో ఆగినా, మందసలో ఆగినా పానా పట్టుకున్న ఏ మెకానిక్ అయినా డీజిల్ పైపులో చేరిన ఎయిర్ తీసి స్టార్ట్ చేసి పంపగలడు. మైలేజీలో, పొగలో కొత్త ఇంజన్లే మేలు, అందులో వాదన లేదు. ఊరికి దూరంగా తోటల మధ్య తిరిగే పాత బండికి మాత్రం బాగుచేసుకోగలగడమే మొదటి అర్హత అని నా అభిప్రాయం.

మొదటి బండి తీరం పక్కనే ఒక ఊళ్లో ఉంది. ఏపీ30, అంటే శ్రీకాకుళం జిల్లా నెంబరు, తెల్లగా మెరిసిపోతోంది. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, వెనక సరుకు తొట్టికి కొత్త రేకు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది, పొగ లేదు, శబ్దం సాఫీగా ఉంది. మా వ్యాపారి అన్నయ్య ముఖం వెలిగిపోయింది. అడిగింది మూడూ ఎనభై.

నేను కింద గోనెసంచి పరుచుకుని బండి కిందకి దూరాను. ఛాసిస్ మొత్తం తాజాగా నల్ల పెయింటు కొట్టారు. పదేళ్లు దాటిన బండికి పైన పెయింటు వేయడం మామూలే, ఎవరైనా అమ్మేముందు వేస్తారు. కానీ అడుగున, ఎవరూ చూడని చోట, బోల్టుల మీదా నట్ల మీదా కూడా కారిపోయేలా నలుపు పూశారంటే అక్కడ ఏదో కప్పుతున్నారని అనుకోవాలి. చిన్న సుత్తి తీసి ముందు నుంచి వెనక్కి ఛాసిస్ బద్ద పొడుగునా మెల్లగా కొట్టుకుంటూ వెళ్లాను. ఆరోగ్యంగా ఉన్న ఇనుము టంగ్ మని మోగుతుంది. క్యాబిన్ కింద వరకూ మోగింది. వెనక కమాన్ల, అంటే బరువుకి వంగే స్ప్రింగు పట్టీల బ్రాకెట్ దగ్గరకు వచ్చేసరికి శబ్దం చచ్చిపోయింది, డబ్ డబ్ మంటోంది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కితే పెయింటు పగిలి పొరలు పొరలుగా తుప్పు రాలింది, మొన లోపలికి దిగింది. రెండో పక్క బ్రాకెట్ దగ్గర ఇంకా దారుణం. అక్కడ ఇనప రేకు వేసి వెల్డింగ్ పెట్టి దానిపైన పుట్టీ రుద్ది నలుపు కొట్టారు. అయస్కాంతం పెడితే అతుక్కోలేదు.

బండి ఏ పనికి తిరిగిందని అడిగితే ముందు "అన్ని లోడ్లూ" అన్నాడు అమ్మేవాడు. తొట్టి మూలల్లో రేకు కింద వేలు పెట్టి వాసన చూశాను, చేపల బండి. ఇది చాలా ముఖ్యం, కొంచెం వివరంగా చెప్తాను. చేపల పెట్టెల్లో ఐస్ కరిగి ఉప్పునీళ్లతో కలిసి దారి పొడుగునా తొట్టి సందుల్లోంచి ఛాసిస్ మీద కారుతూనే ఉంటుంది. ఛాసిస్ బద్ద పెట్టెలా మూసి ఉండదు, ఒక పక్క తెరిచిన కాలవలా ఉంటుంది. కింది అంచు మీద ఇసక, మట్టి చేరతాయి. ఆ మట్టిలో ఉప్పు ఇంకితే ఉప్పు గాలిలో తేమని లాక్కుంటూ ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో కూడా అక్కడ తడి ఆరదు. పైనుంచి ఎంత కడిగినా ఆ అంచు మీదకి నీళ్లు పోవు. సర్వీసింగ్ పాయింటులో బండి తళతళలాడుతూ బయటికొస్తుంది, లోపల కుళ్లు అలాగే ఉంటుంది. బరువంతా మోసే కమాన్ బ్రాకెట్ దగ్గర అలా కుళ్లితే ఒకరోజు లోడు మీద గుంతలో పడినప్పుడు బ్రాకెట్ ఊడి ఇరుసు పక్కకి జరుగుతుంది. ఆ తర్వాత బండి డ్రైవరు చేతిలో ఉండదు.

వెల్డింగ్ చేయించుకుంటే పోదా అని అందరూ అడుగుతారు. క్యాబిన్ నేలకి, తొట్టికి వెల్డింగ్ చేయించుకోండి, నష్టం లేదు. ఛాసిస్ బద్దకి, అదీ కమాన్ బ్రాకెట్ పక్కన, పలచబడ్డ ఇనుము మీద అతుకు వేస్తే ఆ అతుకు నిలుస్తుంది గానీ దాని అంచున వేడికి గుణం మారిన ఇనుము చీలుతుంది. నేను ఆ పని చేయను, చేయించుకోమని చెప్పను.

ఇంకో సంగతి కూడా చూశాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, ఆ వైపు ఊళ్లలో నీళ్లలో నానిన బళ్లు ఆ తర్వాత చాలా చేతులు మారాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూస్తే, ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద బురద గీత కనబడుతుంది. హెడ్‌లైటు లోపల, డ్యాష్‌బోర్డు వెనక వైర్ల మీద కూడా. ఈ బండిలో ఆ గీత లేదు, ఆ మేరకు మంచిదే. కానీ ఛాసిస్ చూశాక ఇంక మిగతావి లెక్కలోకి రావు.

"అంత బాగున్న బండిని అలగ ఒగ్గీమంటావేటి తమ్ముడూ?" అన్నాడు అన్నయ్య. ఆయన్నే కిందకి వంగి స్క్రూడ్రైవర్‌తో పొడవమన్నాను. పొడిచాక మాట్లాడలేదు.

రెండో బండి సాలూరు నుంచి వచ్చింది. ఏపీ35, 2014 మోడల్. సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, బండి రిజిస్టరైనప్పుడు విజయనగరం జిల్లా కాబట్టి ఆ నెంబరు. సాలూరు అంటే లారీల ఊరు, అక్కడి వాళ్లకి బండి వాడకం తెలుసు. ఈ బండి కూరగాయలు, కిరాణా లోడుతో సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్ వైపు తిరిగేది. చూడటానికి ఏమీ బాలేదు. క్యాబిన్ కుడి తలుపు సొట్ట, పెయింటు మాసిపోయింది, సీటు చిరిగింది, తొట్టి పక్క తలుపు గొళ్లేనికి తాడు కట్టి ఉంది. అన్నయ్య దూరం నుంచే పెదవి విరిచాడు.

కింద దూరితే ఎర్రమట్టి గట్టిగా పట్టి ఉంది, గీకితే కంపెనీ వేసిన పెయింటు కనబడింది. పైపై తుప్పు ఉంది, లోతుకి లేదు. సుత్తి చివరిదాకా మోగింది. రివెట్లు బిగువుగా ఉన్నాయి, క్రాస్ మెంబర్ల దగ్గర చీలిక లేదు. కమాన్లలో కంపెనీ ఇచ్చినవి కాకుండా అదనంగా ఒక పట్టీ వేశారు, అంటే ఓవర్‌లోడు కొట్టారు. ఇది చెడ్డ గుర్తే, అందుకే బ్రాకెట్ల చుట్టూ, రంధ్రాల చుట్టూ టార్చి వేసి ఇంకోసారి వెతికాను. సన్న చీలిక ఉంటే దాని వెంట గోధుమ రంగు గీత కారి ఉంటుంది. కనబడలేదు.

తర్వాత ఛాసిస్ నెంబరు. కుడి పక్క బద్ద మీద గుద్ది ఉండే నెంబరుని డీజిల్ గుడ్డతో తుడిచి, పలచని తెల్ల కాగితం అదిమిపెట్టి, పెన్సిల్ పక్కకి వాల్చి రుద్దాను. అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో, కాగితం మీద తెల్లగా తేలాయి. ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చాం. ట్రాన్స్‌ఫర్‌కి ఎలాగూ ఈ పెన్సిల్ ప్రింట్ అడుగుతారు, కానీ నేను కొనేముందే తీస్తాను. తుప్పు తినేసి అక్షరం చెదిరినా, ఎవరైనా రుద్ది మళ్లీ గుద్దినా కంటికి తెలియకపోవచ్చు, పెన్సిల్ కింద మాత్రం తేడా దాగదు. నెంబరు చదవడానికి రాకపోతే రవాణా శాఖ ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరే ఆగిపోతుంది.

అప్పుడు ఇంజన్. ముందు రోజే ఫోన్ చేసి నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పాను, వెళ్లగానే రేడియేటర్ మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. వేడి ఇంజన్ అన్ని జబ్బులనీ దాస్తుంది. చల్లగా స్టార్ట్ చేస్తే మొదట కొంచెం తెల్ల పొగ వచ్చి పోయింది, అది పర్వాలేదు. తెల్ల పొగ ఆగకుండా వస్తే నాజిల్స్ గానీ కంప్రెషన్ గానీ చూడాలి. నీలం పొగ అయితే ఆయిల్ మండుతోంది, రింగులో వాల్వ్ సీళ్లో పోయినట్టు. నల్ల పొగ అయితే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, చాలాసార్లు అంతే. ఆయిల్ మూత తిప్పి తీసి బోర్లించి అక్కడే పెట్టాను, మూత కొద్దిగా వణికింది గానీ ఎగరలేదు. బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్లోంచి కిందకి జారే గాలి, కొంచెం ఉంది, ఆ వయసుకి అది మామూలే. మూత ఎగిరి పడితే ఇంజన్ సిలిండర్ల బోరు పనికి డబ్బు లెక్క వేసుకోవాల్సిందే. గేజ్ పుల్ల మీద ఆయిల్ నల్లగా ఉంది, పాలు కలిపినట్టు లేదు, అంటే నీళ్లు కలవలేదు కాబట్టి హెడ్ గాస్కెట్ బాగానే ఉంది.

తోలి చూస్తే క్లచ్ అయిపోయింది. హ్యాండ్ బ్రేక్ వేసి మూడో గేరులో పెట్టి మెల్లగా క్లచ్ వదిలితే ఇంజన్ ఆగిపోవాలి, ఇది ఆగకుండా జారుతోంది. రెండో గేరు పడేటప్పుడు కరకరమంటోంది. బ్రేకు తొక్కితే వెనక ఎడమ పక్క పట్టడం లేదు. మీటరు తిరగడం లేదు. మీటరు గురించి నేను అసలు అడగను, పెడల్ రబ్బరు, స్టీరింగ్ అరుగుదల చూస్తే బండి ఎంత తిరిగిందో తెలుస్తుంది. టైర్ల మీద తయారీ కోడు చూశాం, చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వెనక రెండూ బాగా పాతవి, పక్కలు పగిలాయి.

మొత్తానికి ఘాట్‌లో తిరిగిన బండికి ఏవి అరగాలో అవే అరిగాయి. క్లచ్, బ్రేకులు, టైర్లు. అన్నీ విప్పి కొత్తవి వేసుకోగలిగినవే. "ఇదే కొనండి" అన్నాను.

కాగితాల దగ్గర రెండు చిక్కులు వచ్చాయి. అమ్ముతున్నవాడి పేరు ఆర్‌సీలో లేదు. అతను ఓపెన్ పేపర్ల మీద, అంటే మొదటి ఓనరు సంతకాలు చేసి ఖాళీగా వదిలిన ఫారాల మీద కొని నడుపుకుంటున్నాడు. మన దగ్గర సగం పాత బళ్లు ఇలాగే చేతులు మారుతున్నాయి, ఇది ఇద్దరికీ ప్రమాదం. యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం ఆర్‌సీలో పేరున్న ఓనరు మీదకే వెళ్తుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, బండి ఎన్ని చేతులు మారినా సరే. రెండో చిక్కు, ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంది. వాయిదాలు ఎప్పుడో కట్టేశాం అంటున్నారు, కట్టే ఉంటారు, కానీ బాకీ లేదని కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ తీసుకుని ఆర్‌సీలో ఆ పేరు తీయించలేదు.

నేను పెట్టిన షరతు, మొదటి ఓనరు మనిషిగా వచ్చి మన ముందు సంతకం పెట్టాలి, ఫైనాన్స్ ఎన్‌ఓసీ చేతికి రావాలి, అప్పటిదాకా అడ్వాన్సుగా చిన్న మొత్తమే. కొన్ని వారాలు పట్టింది. అన్నయ్య రెండు మూడు సార్లు ఓపిక పట్టలేక "డబ్బిచ్చేసి తెచ్చీదాం" అన్నాడు. ఆగమన్నాను. చివరికి ఫైనాన్స్ తీసేయడానికి ఫారం 35, ఓనరు మార్పుకి ఫారం 29, ఫారం 30 అన్నీ ఒకేసారి పెట్టాం. కొన్నవాళ్లు ముప్పై రోజుల్లో రవాణా శాఖకి తెలియజేయాలి, ఇది చట్టంలోనే ఉంది. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి పద్నాలుగు రోజులే. చాలామంది ఆర్‌సీ మార్పించుకుని ఇన్సూరెన్స్ మర్చిపోతారు, బండికి దెబ్బ తగిలి క్లెయిముకి వెళ్తే అప్పుడు తెలుస్తుంది. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుదే, అది బండితో రాదు, కాబట్టి ప్రీమియం కొంచెం పెరుగుతుందని ముందే చెప్పాను. ఇ-చలానాలు, టాక్స్ బాకీలు ఆన్‌లైన్‌లో చూసి అమ్మేవాడి చేతే కట్టించాం.

ఒడిశా నెంబరు బండి ఒకటి ఇచ్ఛాపురం అవతల ఇంకా చవగ్గా ఉందని మధ్యలో ఎవరో చెప్పారు. మన బోర్డరు ఊళ్లలో ఈ ఆశ ఎప్పుడూ ఉంటుంది. అక్కడి రవాణా శాఖ ఎన్‌ఓసీ, ఇక్కడ కొత్త నెంబరు, ఇక్కడి టాక్స్ అన్నీ కలిపాక ఆ చవకతనం ఎంత మిగులుతుందో కాగితం మీద లెక్క వేసి చూపించాను, వదిలేశాడు.

పర్మిట్ గురించి కూడా అడిగాడు. మొత్తం బరువు, అంటే లోడుతో కలిపి, 3000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఈ 1.25 టన్నుల లోడు మోడల్ ఆర్‌సీలో ఆ గీత లోపలే ఉంది. 1.7 టన్నుల పికప్‌లు ఆ గీత దాటుతాయి, కాబట్టి పెద్దది చవగ్గా వస్తోందని కొనేవాళ్లు ఈ ఖర్చు కూడా చూసుకోవాలి.

బేరం మూడూ ఇరవైకి తెగింది. మూడూ అరవై నుంచి దిగడానికి క్లచ్, టైర్లు, బ్రేకులు నేను రాసిచ్చిన కాగితమే కారణం. ఊరికే తగ్గించమంటే ఎవరూ తగ్గించరు, ఏది పోయిందో చూపించి అడిగితే తగ్గుతారు.

షెడ్డుకి తెచ్చాక మొదట బ్రేకులు విప్పాం. వెనక ఎడమ డ్రమ్ము తీస్తే లైనర్లు ఆయిల్‌తో తడిసి నల్లగా మెరుస్తున్నాయి. హౌసింగ్, అంటే వెనక ఇరుసు పెట్టెలోని ఆయిల్ సీలు దాటి వచ్చేసింది. సీలు మార్చేసి ఊరుకుంటే మళ్లీ అదే జరుగుతుంది, ఎందుకు దాటిందో చూడాలి. హౌసింగ్ పైన చిన్న బ్రీదర్ ఉంటుంది, లోపల ఆయిల్ వేడెక్కి గాలి పెరిగినప్పుడు బయటికి పోయే దారి అది. ఎర్రమట్టి గడ్డకట్టి పూర్తిగా మూసుకుపోయింది. ఘాట్ ఎక్కేటప్పుడు ఆ పెట్టెలోని క్రౌన్ గేరు వేడెక్కి లోపల ప్రెషర్ పెరిగితే దానికి దొరికిన దారి సీలు ఒక్కటే. బ్రీదర్ విప్పి కడిగి, రెండు పక్కలా సీళ్లు, కొత్త లైనర్లు వేసి, డ్రమ్ములు లేత్ పట్టించి బిగించాం. హౌసింగ్ ఆయిల్, గేరాయిల్ రెండూ మార్చాం. ఇనప బ్రేకు పైపులు మొత్తం కొత్తవి వేశాను, పాతవి ఇంకా ఆడేవే గానీ ఈ బండి ఇకపై ఉప్పుగాలిలో తిరగాలి.

రెండోది కూలింగ్. బండి వేడెక్కడం లేదని అమ్మేవాడు గొప్పగా చెప్పాడు. నిజమే, వేడెక్కడం లేదు, ఎందుకంటే ఇంజన్ తగిన వేడికి వచ్చేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ వాల్వుని ఎవరో తీసి పారేశారు. మన వైపు ఇది అలవాటైపోయింది, ఘాట్‌లో వేడెక్కితే రేడియేటర్ కడగాల్సింది పోయి వాల్వు పీకేస్తారు. అప్పుడు కింద ప్లెయిన్‌లో ఇంజన్ కావలసిన వేడికి రాదు, డీజిల్ సరిగ్గా మండదు, బోరు అరుగుదల ఎక్కువవుతుంది, మైలేజీ పడిపోతుంది. రేడియేటర్ విప్పి రాడ్డింగ్ చేయించి, అంటే లోపలి గొట్టాలు పొడిచి శుభ్రం చేయించి, వాల్వు, హోస్ పైపులు కొత్తవి వేసి, కూలెంట్ పోశాం. బోరు నీళ్లు పొయ్యొద్దని అన్నయ్యకి గట్టిగా చెప్పాను, ఉద్దానంలో తీరం పక్క బోర్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్ మళ్లీ పూడుకుపోతుంది.

క్లచ్ సెట్టు, వెనక రెండు టైర్లు, బ్యాటరీ, షాకిల్ బుష్‌లు, ఫిల్టర్లు, ఇంజన్ ఆయిల్ అన్నీ మామూలు పనులే. క్లచ్ కూలీతో కలిపి తొమ్మిది వేల దగ్గర, టైర్లు పన్నెండు వేల పైన అయ్యాయి. అదనపు కమాన్ పట్టీ తీయించేశాను. ఆయన ఒప్పుకోలేదు ముందు, "ఉంటే గట్టి కదా" అన్నాడు. కమాన్ గట్టిదైతే ఛాసిస్, ఇరుసు, బ్రేకులు గట్టివి అయిపోవు, ఎక్కువ బరువు వేయడానికి ధైర్యం మాత్రం వస్తుంది. పీచు తీయని కొబ్బరికాయ కిలో పైనే తూగుతుంది, తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. తొట్టికి కర్రలు కట్టి పైకి పేర్చుకుంటూ పోతే 1.25 టన్నులు దాటిపోవడం కంటికి తెలియదు. 2019లో చట్టం మారాక ఓవర్‌లోడుకి జరిమానా ఇరవై వేలు, పైన ప్రతి అదనపు టన్నుకి రెండు వేలు. ఒకసారి పట్టుబడితే చాలా లోడ్ల లాభం పోతుంది. వేబ్రిడ్జి మీద ఒకసారి తూయించి, ఎన్ని కాయలకి ఎంత బరువో తొట్టి లోపల పెయింటుతో గీత గీయించాను. ఇప్పుడు ఆ గీత దాటి వేయడు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టింది ఛాసిస్ మీదే. సాలూరులో బాగున్న బండి కవిటిలో పదేళ్లు బాగుండదు. తొట్టి బోల్టులు విప్పి పైకెత్తి, ఎర్రమట్టి మొత్తం గీకించి, మంచినీళ్లతో ప్రెషర్ కొట్టించి, ఎండలో పూర్తిగా ఆరాక తీగ బ్రష్షుతో పైపై తుప్పు తీసి, ప్రైమర్ వేసి, ఆపైన మైనం లాంటి అండర్ కోటింగ్ ఛాసిస్ కాలవ లోపలి అంచుకి కూడా అందేలా కొట్టించాం. తడి మీద కోటింగ్ వేస్తే తుప్పుని లోపల పెట్టి మూసినట్టే, అందుకే ఆరేదాకా ఆగాం. కాలిన ఇంజన్ ఆయిల్ కొట్టడం మన దగ్గర చాలామంది చేస్తారు. నేను వద్దంటాను. ఇసక దానికి అతుక్కుంటుంది, రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, బ్రేకుల మీద పడితే ప్రమాదం.

ఇవన్నీ కలిపి డెబ్బై వేలు కొంచెం దాటింది. మొత్తం నాలుగు లక్షల లోపే.

కొన్ని నెలలు నడిచాక ఒకరోజు ఫోన్ వచ్చింది. "తమ్ముడూ, బ్రేకు తొక్కితే రాయిలా ఉంది, బ్యాటరీ లైటు కూడా వెలుగుతున్నాది." బండి నడపొద్దు, అక్కడే ఉంచండి అన్నాను. దారిలో ఒక మెకానిక్ బ్రేకు మాస్టరు సిలిండరు, ఇంకొకరు కొత్త బ్యాటరీ మార్చాలన్నారట. రెండు జబ్బులూ ఒకేసారి వచ్చాయంటే నాకు అనుమానం ఒకే చోటికి వెళ్లింది. డీజిల్ ఇంజన్‌కి పెట్రోల్ ఇంజన్‌లా గాలి పీల్చే దారిలో వ్యాక్యూమ్ రాదు, బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టరుకి కావలసిన వ్యాక్యూమ్ కోసం వేరే పంపు ఉంటుంది. ఈ బండిలో ఆ పంపు డైనమో వెనకే బిగించి ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌తోనే నడుస్తుంది. వయసు మీద దాని సీలు అరిగితే వ్యాక్యూమ్ తగ్గి బ్రేకు గట్టిపడుతుంది, కారిన ఆయిల్ డైనమో లోపలికి పోయి కార్బన్ బ్రష్షుల్ని తడిపి చార్జింగ్ ఆపేస్తుంది. విప్పితే అదే. డైనమో లోపల ఆయిల్ ముద్ద. పంపు కిట్టు, కార్బన్లు మార్చి, డైనమో కడిగి ఆరబెట్టి బిగించాం, రెండూ పోయాయి. బ్యాటరీ, బ్రేకు మాస్టరు కొని ఉంటే పది వేల పైన పోయి జబ్బు అలాగే ఉండేది.

ఇప్పుడు ఆయన చేసే రోజువారీ పని పెద్దగా ఏమీ లేదు. పొద్దున స్టార్ట్ చేసే ముందు ఆయిల్, కూలెంట్ చూస్తాడు. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదులుతాడు, వర్షాకాలంలో ఇంకా తరచుగా. ఇంజన్ ఆయిల్ నేను చెప్పిన దానికన్నా ముందే మార్పిస్తాడు, ఆ విషయంలో నాకు ఆయనంటే గౌరవం. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకి, షాకిళ్లకి గ్రీజు పెట్టిస్తాడు. తీరం ఊళ్లలో తిరిగి వచ్చిన వారంలో ఒకసారైనా బండి అడుగు, ముఖ్యంగా వెనక బ్రాకెట్ల చుట్టూ, ఇంటి మంచినీళ్లతో కడిగిస్తాడు. తన బండిలో చేపల లోడు వేయనివ్వడు, ఎంత కిరాయి ఇస్తామన్నా. వర్షాకాలం ముందు నా దగ్గరకు వస్తే కోటింగ్ లేచిన చోట గీకి మళ్లీ వేస్తాను, అదే సుత్తితో మళ్లీ కొట్టి చూస్తాను.

ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, దీనికీ అంతే. మొన్న వెళ్లినప్పుడు రిఫ్లెక్టర్ టేపులు చినిగాయని అవి మార్చి తెమ్మన్నారు, మిగతావి పాసయ్యాయి. ఆయన చిన్నకొడుకుకి కార్ల లాంటి తేలిక బళ్లకిచ్చే ఎల్‌ఎంవీ లైసెన్సు ఉంది, ఈ సరుకు బండి నడపడానికి అది చాలు. మొత్తం బరువు 7500 కిలోల లోపు బండికి వేరే ట్రాన్స్‌పోర్ట్ అనుమతి అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ తేల్చి చెప్పింది. ఈ సందేహం పికప్ కొనే ప్రతివాళ్లకీ ఉంటుంది కాబట్టి రాశాను.

మిగిలిన పని రెండో గేరు ఒక్కటే. కొన్నప్పుడే కరకరమంది, గేరాయిల్ మార్చాక కొంచెం తగ్గింది, పోలేదు. లోడు మీద గేరు జారడం మొదలైతే మాత్రం ఆగొద్దని చెప్పాను, ఇప్పటికి జారడం లేదు. కొబ్బరి పని పలచబడే రోజుల్లో గేరు బాక్సు దింపుతాం. గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగు ఒక్కటే అరిగి ఉంటే తక్కువలో అయిపోతుంది, గేరు పళ్లు కూడా పోయి ఉంటే విశాఖ ఆటోనగర్‌లో మంచి పాత బాక్సు చూసి తేవడమే మేలు. ఆ రెండో ఖర్చు ఎంతవుతుందో ఇప్పుడే ఆయనకి చెప్పి పక్కన పెట్టించాను.